ఆకాశం అందరిదే, వాకిలి ఎవరిది?
చార్లెస్ కొరియా గృహనిర్మాణంపై ఒక దళిత పరిశీలన

ఆర్కిటెక్ట్ గురించి మన పత్రికలో వ్యాసమేంటని ఒక మిత్రుడు అడిగాడు. కథ, కవిత్వం, చరిత్ర, భూమి, రిజర్వేషన్లు - వీటి మీద రాస్తున్నాం, రాయాలి కూడా. ఇల్లు కట్టే శాస్త్రంతో మనకేం పని అన్నది అతని ప్రశ్న. నా జవాబు ఇది. కులాన్ని ధర్మశాస్త్రాల్లో వెతకడానికి ముందే నేల మీద చూడొచ్చు. ఊరెక్కడుంది, వాడెక్కడుంది, గాలి ఎటు నుంచి ఎటు వీస్తుంది, ఎవరి ఇండ్ల ముందు పారిన నీళ్లు ఎవరి ఇండ్ల వెనక మురుగై నిలుస్తాయి - బడికి పోని మనిషి కూడా ఈ పటాన్ని చదవగలదు. మా అమ్మ చదివింది. దాన్ని 'స్థల రాజకీయం' అంటారని మాత్రం నాకు పీహెచ్.డి.లో చేరాకే తెలిసింది.

కాబట్టి స్థలాన్ని విభజించి పంచడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లను మనం చదవాలి. వాళ్లలోనూ ధనవంతుల బంగళాలతో ఆగిపోకుండా, ప్రభుత్వంలో కూర్చుని పేదల ఇండ్ల గురించి ఆలోచించినవాళ్లను ఇంకా జాగ్రత్తగా చదవాలి. అట్లాంటి ఒకరు చార్లెస్ కొరియా. 1930 సెప్టెంబర్ 1న మన సికింద్రాబాద్‌లోనే పుట్టాడు. గోవా క్యాథలిక్ కుటుంబం. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీలో, ఎం.ఐ.టి.లో చదివి వచ్చి 1958లో బొంబాయిలో సొంత ఆఫీసు పెట్టాడు. అహ్మదాబాద్ సబర్మతి ఆశ్రమంలోని గాంధీ సంగ్రహాలయంతో పేరొచ్చింది. హైదరాబాద్‌లో ఇ.సి.ఐ.ఎల్. కార్యాలయం, గచ్చిబౌలిలోని జవహర్‌లాల్ నెహ్రూ డెవలప్‌మెంట్ బ్యాంకింగ్ సంస్థ ఆయన డిజైన్లే. 2006లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 2015 జూన్ 16న ముంబైలో చనిపోయాడు.

ఆయన్ని దుమ్మెత్తిపోయడానికి ఈ వ్యాసం రాయడం లేదు. దుమ్మెత్తిపోయాలంటే పేదల ఇండ్లను కాంట్రాక్టర్ల లాభం లెక్కన గీసిన వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల గురించి రాయడం తేలిక. సమానత్వాన్ని తన డిజైన్‌కు సూత్రంగా పెట్టుకున్న మనిషి దగ్గర కూడా కులం ఎట్లా తప్పించుకుపోయిందో చూడటం కష్టం. మనకు పనికొచ్చేది ఆ కష్టమైన పనే.

ఇంటి లెక్క

కొరియా మొదట్నుంచీ అడిగిన ప్రశ్న: డబ్బు లేనివాడికి ఇల్లెట్లా? 1961-62లో గుజరాత్ హౌసింగ్ బోర్డు కోసం అహ్మదాబాద్‌లో 'ట్యూబ్ హౌస్' కట్టాడు. సన్నగా, పొడుగ్గా, గొట్టంలాంటి ఇల్లు. వేడెక్కిన గాలి ఏటవాలు కప్పు వెంబడి పైకి పోయి పై సందులోంచి బయటపడుతుంది, కింద నుంచి చల్లగాలి లోపలికొస్తుంది. ఏసీ కొనలేనివాడికి ఇంటి ఆకారమే చల్లదనం ఇయ్యాలన్నది ఆయన ఆలోచన. 1995లో ఆ ఇంటిని కూల్చేశారు.

తర్వాత ఆయన ఒక్క ఇంటి నుంచి నగరం దాకా పోయాడు. 1960ల నడుమ ప్రవీణా మెహతా, శిరీష్ పటేల్‌లతో కలిసి బొంబాయికి తూర్పున, సముద్రపు పాయకు అవతల కొత్త నగరం కట్టాలని ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదనను 1965లో 'మార్గ్' పత్రిక అచ్చేసింది. దాని సంపాదకుడు ముల్క్ రాజ్ ఆనంద్. పాకీ పని చేసే ఒక యువకుడి ఒక్కరోజు బతుకును 1935లోనే 'అన్‌టచబుల్' నవలగా రాసిన మనిషి. ఆ నవలలో అంటరానివాళ్ల వాడ ఊరికి ఎడంగా, మురికి మధ్య ఉంటుంది. అంటే కులమూ, నగర నిర్మాణమూ ఒకే సంపాదకుడి బల్ల మీదికి వచ్చాయి. ఒకటి సాహిత్యమైంది, ఇంకొకటి ప్లానింగ్ అయింది. రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

1970లో మహారాష్ట్ర ప్రభుత్వం సిడ్కో అనే సంస్థను పెట్టింది. కొత్త బొంబాయి కోసం 344 చదరపు కిలోమీటర్లు గుర్తించారు. అందులో 95 ఊళ్లున్నాయి. 1970 నుంచి 75 వరకు కొరియా దానికి చీఫ్ ఆర్కిటెక్ట్.

ఆయన పేదల ఇండ్ల ఆలోచన పూర్తిగా కనిపించేది అక్కడి బేలాపూర్‌లో, 1983-86 నడుమ కట్టిన కాలనీలో. ఆరు హెక్టార్ల లోపు జాగా, సుమారు 550 కుటుంబాలు. ఏడేసి ఇండ్లు ఒక చిన్న వాకిలి చుట్టూ ఉంటాయి. అట్లాంటి మూడు గుంపులు, అంటే ఇరవై ఒక్క ఇండ్లు, ఇంకొంచెం పెద్ద వాకిలి చుట్టూ చేరతాయి. ఆ పైన ఇంకా పెద్ద మైదానం. ప్రతి ఇల్లూ సొంత ప్లాటులో నిలబడుతుంది. పక్కింటితో ఉమ్మడి గోడ ఉండదు. కాబట్టి పిల్లలు పెరిగినా, నాలుగు డబ్బులొచ్చినా ఎవర్నీ అడగకుండా ఇంకో గది వేసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం ప్లాటు సైజు. ఆదాయాల్లో చాలా రెట్ల తేడా ఉన్నా, అందరికన్నా పేదవాడికి సుమారు 45 చదరపు మీటర్లు, పైవాడికి 70-75 మించకుండా పెట్టాడు. ఇంటి మీద ఎవడెంత ఖర్చు పెట్టుకున్నా, నేల మాత్రం దాదాపు సమానంగా పంచాలన్నది సూత్రం.

ఇది చిన్న విషయం కాదు. భూమి పంపకం అనే మాట వింటేనే ఉలిక్కిపడే దేశంలో ఒక సర్కారీ సంస్థ ప్లానులో ఈ మాట చేరింది. ఆకాశాన్నంటే బిల్డింగులు పేదలకు వద్దని కూడా ఆయన వాదించాడు. వాటివల్ల సిమెంటు, స్టీలు కంపెనీలకు, పెద్ద కాంట్రాక్టర్లకు లాభం. నేల మీది చిన్న ఇండ్లయితే ఊరి మేస్త్రీకి పని దొరుకుతుందన్నాడు. పల్లె నుంచి నగరానికి వచ్చేవాడు ఇంటికోసం రాడు, పనికోసం వస్తాడు. కాబట్టి పని దగ్గరే ఇల్లుండాలన్నాడు. నగరం బయటెక్కడో అంతస్తుల మీద అంతస్తులుగా డబుల్ బెడ్రూం ఇండ్లు కట్టి, కూలి దొరికే చోటికి బస్సు లేక జనం అవస్థ పడటం చూసిన మనకు ఈ మాటల విలువ తెలుస్తుంది. 1985లో వచ్చిన ఆయన పుస్తకం 'ది న్యూ ల్యాండ్‌స్కేప్'ను మన కార్యకర్తలు చదవాలనే అంటాను.

కానీ ఆ పుస్తకం చదువుతున్నప్పుడే నాకు ఒకచోట కాలు ఆగింది.

కుళాయి దగ్గర

మనిషి బతకడానికి నాలుగు గోడల గది ఒక్కటే చాలదంటాడు కొరియా. ఆయన లెక్కలో నాలుగు రకాల చోట్లు కావాలి. ఒకటి, వండుకుని పడుకునే సొంత చోటు. రెండు, పిల్లలు ఆడుకునే, పక్కింటివాళ్లతో మాట్లాడే గడప దగ్గరి చోటు. మూడు, ఇరుగుపొరుగు కలిసే చోటు - వీధి కుళాయి లాంటిది. నాలుగు, ఊరంతా చేరే మైదానం. మన వేడి దేశంలో వీటిలో చాలావాటికి కప్పు అక్కర్లేదు, ఆకాశం కింది జాగా కూడా గదితో సమానమే అంటాడు.

లెక్క ముచ్చటగానే ఉంది. కానీ మూడో చోటు దగ్గర ఆగండి. నీళ్ల దగ్గర మనుషులు కలుస్తారని ఎవరి అనుభవం చెబుతుంది? 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగడానికి అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని పోవాల్సి వచ్చింది. తాగినందుకు దెబ్బలు తిన్నారు. 1985 జులైలో కారంచేడులో మాదిగపల్లె వాళ్లు తాగే నీళ్లను కమ్మ యువకులు బర్రెల కుడితితో పాడుచేస్తుంటే ఒకరు అడ్డుచెప్పారు, ఒక తల్లి బిందె ఎత్తింది. 17వ తేదీ పొద్దున పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. నీళ్ల దగ్గర మన వాళ్లకు జరిగింది ఇదీ.

1985ను గమనించండి. కొరియా పుస్తకం వచ్చిన ఏడు. ఆయన అధ్యక్షుడిగా కేంద్ర ప్రభుత్వం జాతీయ పట్టణీకరణ కమిషన్ వేసిన ఏడు. ఎస్సీ ఎస్టీలకు, వెట్టి నుంచి విముక్తులైనవాళ్లకు ఇండ్లు కట్టాలని ఇందిరా ఆవాస్ యోజన మొదలైన ఏడు. కారంచేడు ఏడు కూడా అదే. మూడు పనులు ఢిల్లీ, బొంబాయి టేబుళ్ల మీద జరుగుతున్నప్పుడు నాలుగోది కుళ్లిన నీళ్ల దగ్గర జరిగింది.

ఆయన నగరం గురించి రాశాడు, కారంచేడు పల్లె కదా అనొచ్చు. ఈ మాటను తోసెయ్యను. అందుకే ఆయన పనిచేసిన బొంబాయికే పోదాం.

చాళ్లలో కులం

బొంబాయిలో ప్రభుత్వ ఇండ్ల చరిత్ర సిడ్కోతో మొదలు కాలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు చాళ్లు కట్టింది. పరేల్‌లో అట్లాంటి చాళ్లోనే అంబేద్కర్ ఇరవయ్యేళ్లకు పైగా ఉన్నాడు. 1930ల మొదట్లో దాదర్‌లో 'రాజగృహ' కట్టుకునేదాకా అదే ఆయన ఇల్లు. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లీ, నాయ్‌గావ్ లాంటి చోట్ల మిల్లు కార్మికుల కోసం బీడీడీ చాళ్లు కట్టింది. ఒక్కో కుటుంబానికి 160 చదరపు అడుగుల గది. కట్టింది ప్రభుత్వం, కిరాయి తీసుకున్నది ప్రభుత్వం, గదులన్నీ ఒకే కొలత.

1972లో ఆ నగరంలోనే దళిత్ పాంథర్స్ పుట్టారు. 1974 జనవరిలో వర్లీ బీడీడీ చాళ్లు రణరంగమయ్యాయి. దళితులుండే చాళ్లు, సవర్ణులుండే చాళ్లు ఎదురెదురుగా నిలబడ్డాయి. రోజుల తరబడి రాళ్లు, లాఠీలు. నిరసన ఊరేగింపు మీద పడిన రాయికి పాంథర్ కార్యకర్త భగవత్ జాదవ్ చనిపోయాడు. ఈ సమయానికి కొరియా అదే నగరానికి అవతలి ఒడ్డున కట్టబోయే కొత్త నగరానికి చీఫ్ ఆర్కిటెక్ట్.

వర్లీ చెప్పే పాఠం ఒక్కటే. గది కొలత సమానం చేసినంత మాత్రాన పొరుగు సమానం కాదు. ఒకే సైజు గదుల మధ్య కూడా కులం ఏ బిల్డింగ్ ఎవరిదో పంచుకుంటుంది. నేను చదివినంతలో కొరియా గృహనిర్మాణ రాతల్లో ఆదాయం ఒక కొలత, స్థలం ఒక కొలత, పని చోటికి దూరం ఒక కొలత. ఇండ్ల పంపకానికి కులం ఒక కొలతగా నాకెక్కడా కనిపించలేదు. ప్రభుత్వ గృహనిర్మాణానికి మొత్తంగా ఇదే జబ్బు. మనుషుల్ని ఆర్థికంగా బలహీనులు, అల్పాదాయం, మధ్యాదాయం, అధికాదాయం అని నాలుగు డబ్బాల్లో వేస్తారు.

మరి ఈ డబ్బాల్లో అంబేద్కర్‌ని ఎందులో వేస్తారు? కొలంబియాలో చదువుకుని వచ్చి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరాడు. జీతం ఉంది, హోదా ఉంది. ఇల్లు దొరకలేదు. పార్శీ సత్రంలో పేరు మార్చుకుని కొన్నాళ్లు ఉంటే, కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. చివరికి ఒక చెట్టు కింద కూర్చుని ఏడ్చి బొంబాయి రైలెక్కాడు. ఆయనకు లేనిది డబ్బు కాదు. ఆదాయ పట్టిక ఈ మనిషిని 'ఇల్లు అవసరం లేనివాడు' అంటుంది. కులం 'ఇల్లు ఇవ్వకూడనివాడు' అంటుంది.

ఇది నూరేళ్ల కిందటి మాట అనుకునేవాళ్ల కోసం నా సంగతి చెప్తాను. ఫెలోషిప్ వచ్చిన కొత్తలో హైదరాబాద్‌లో గది వెతికాను. ఒకచోట గది నచ్చింది, అడ్వాన్సు ఇవ్వబోయాను. ఓనరమ్మ మంచిగనే మాట్లాడింది. ఊరేది బాబూ, ఇంటిపేరేంది, మీ నాయన ఏం చేస్తడు అని అడిగింది. ఇంటిపేరు చెప్పాను. కాసేపాగి, "మా తమ్ముని కొడుకు వస్తనన్నడు బాబూ, మర్చిపోయిన" అంది. ఆ గది ముందు 'టు లెట్' బోర్డు ఇంకో నెల వేలాడింది. నా జేబులో డబ్బు ఉంది.

ఇప్పుడు బేలాపూర్ ఏడిండ్ల వాకిలికి తిరిగి రండి. ఏడిండ్లు ఒకే వాకిట్లోకి తలుపు తెరుస్తాయి. ఆ అమరిక అందంగా ఉండాలంటే ముందు ఆ ఏడుగురూ ఒకరి వంట వాసన ఒకరు భరించాలి, ఒకరి పిల్లలు ఒకరింట్లో తిరగాలి. డిజైన్ ఈ సంబంధాన్ని ముందే ఉన్నట్టు అనుకుంటుంది. అది ఉందా, లేకపోతే ఎట్లా కట్టాలి అన్నది అడగదు. ఏడిండ్లలో ఎవరికి ఏది ఇవ్వాలన్న జాబితా ఆర్కిటెక్ట్ చేతిలో ఉండదు, ఆఫీసు గుమాస్తా చేతిలో ఉంటుంది. నిజమైన ప్లాను ఆ జాబితాలో ఉందని మా నమ్మకం.

ఆకాశం కింది జాగా గురించి ఒక మాట. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి బహిష్కరించిన ఐదుగురు దళిత విద్యార్థులు చలిలో ఆరుబయట పడుకున్నారు. అంబేద్కర్ బొమ్మలున్న ఫ్లెక్సీలు కట్టి ఆ చోటుకు 'వెలివాడ' అని పేరు పెట్టారు. 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. ఆరుబయలు కొందరికి గాలీ వెలుతురూ ఇచ్చే గది. కొందరికి గది నుంచి గెంటేశాక మిగిలేది అదే. ఆర్కిటెక్చర్ పాఠం మొదటి అర్థాన్నే చెబుతుంది.

ప్రభుత్వంలో

కొరియాను ప్రభుత్వాలు పిలిచాయి, గౌరవించాయి, కమిటీలకు అధ్యక్షుడిని చేశాయి. ఆయన మాట ఎంతవరకు విన్నాయి?

కొత్త బొంబాయి ప్లానుకు గుండెకాయ ఒకటుంది. రాష్ట్ర సచివాలయం, ఆఫీసులు కొత్త నగరానికి మారాలి, అప్పుడే ఉద్యోగాలు, ఇండ్లు అటు నడుస్తాయి. సచివాలయం మారలేదు. పైగా పాత బొంబాయిలోనే నారిమన్ పాయింట్ దగ్గర సముద్రాన్ని పూడ్చి ఆఫీసుల టవర్లు లేపారు. దీన్ని కొరియా జీవితాంతం విమర్శించాడు.

భూమి సంగతి వేరు. రైతుల దగ్గర చవగ్గా సేకరించి, రోడ్లు వేసి, ఎక్కువ ధరకు అమ్మి, ఆ డబ్బుతో నగరం కట్టడం సిడ్కో పద్ధతి. ఆగ్రీలు, కోళీలు పొలాలు, చేపల పట్టు పోగొట్టుకున్నారు. 1984 జనవరిలో ఉరణ్ ప్రాంతంలో డి.బి. పాటిల్ నాయకత్వంలో జరిగిన పోరాటం మీద పోలీసులు కాల్పులు జరిపితే ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాతే, సేకరించిన భూమిలో పన్నెండున్నర శాతం లెక్కన అభివృద్ధి చేసిన ప్లాట్లు తిరిగివ్వడానికి ప్రభుత్వం దిగొచ్చింది. కాల్పుల నాటికి కొరియా సిడ్కోలో లేడు, ఆ నెత్తురు ఆయన ఖాతాలో వేయను. కానీ బేలాపూర్‌లో సమానంగా పంచిన 45 చదరపు మీటర్లు ఎవరి నేల అన్నది కూడా ఆ కాలనీ కథలో భాగమే. భూమి లెక్కన వచ్చే వాటా భూమి ఉన్నవాడికే పెద్దది. ఆ పొలాల్లో కూలి చేసినోళ్ల నష్టాన్ని కొలిచే బద్ద ప్లానింగ్ దగ్గర లేదు.

పట్టణీకరణ కమిషన్ 1988లో నివేదిక ఇచ్చింది. పెద్ద నగరాల మీదే భారం పెట్టకుండా చిన్న పట్టణాలను పెంచాలని, 329 పట్టణాలను ఆర్థిక చలనానికి కేంద్రాలుగా గుర్తించింది. తెలివైన మాట. కారంచేడు బాధితులు పారిపోయి తలదాచుకున్నది చీరాల అనే చిన్న పట్టణంలోనే కదా. అయితే పల్లె నుంచి పట్టణానికి మనిషి ఎందుకు వస్తాడని అడిగితే కమిషన్ భాష 'ఉపాధి' దగ్గర ఆగిపోతుంది. చీరాల వచ్చినవాళ్లు ఉపాధి కోసం రాలేదు. ప్రాణం కోసం వచ్చారు.

మూడోది మిల్లుల భూములు. 1982 సమ్మె తర్వాత బొంబాయి బట్టల మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. 1991 నియమం ప్రకారం మిల్లు భూమి అమ్మితే మూడోవంతు నగరానికి బహిరంగ స్థలంగా, మూడోవంతు ప్రభుత్వ గృహనిర్మాణానికి, మూడోవంతు యజమానికి. 1996లో కొరియా అధ్యక్షతన కమిటీ వేశారు. భూములన్నిటినీ ఒక్కటిగా చూసి పార్కులు, ఇండ్లు పనికొచ్చేలా కలిపి ఇవ్వాలని కమిటీ చూపింది. 2001లో ప్రభుత్వం నియమాన్నే మార్చి, కట్టడాలు లేని ఖాళీ జాగాలోనే మూడోవంతు లెక్క అంది. నగరానికి, పేదల ఇండ్లకు రావాల్సిన భూమి ముక్కలుగా కుంచించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పును సమర్థించింది. అక్కడ ఇప్పుడు మాల్స్, టవర్లు.

పోయింది ఎవరి ఇల్లు? ఆ మిల్లుల్లో మన తెలంగాణ పద్మశాలీలు తరతరాలుగా పనిచేశారు. దళితులూ చేశారు, కానీ మగ్గాల ఖాతాలో వాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. తెగిన పోగును నోటితో పీల్చి నాడెలోకి ఎక్కించాలి, అంటరానివాడి ఎంగిలి తగులుతుందని. 1928 సమ్మె కాలంలో అంబేద్కర్ ఈ వెలిని కార్మిక సంఘాల ముందు పెట్టాడు. మంచి కూలి వచ్చే ఖాతాలో చోటు దక్కని మనుషులకే చివరికి మిల్లు నేల మీద ఇంటికీ చోటు దక్కలేదు.

ప్రభుత్వానికి సంకల్పం లేదని కొరియా బాధపడ్డాడు. మనం ఇంకో అడుగు వేయాలి. సంకల్పం లేక కాదు, ఉంది. నారిమన్ పాయింట్ టవర్లు సంకల్పం లేకుండా లేవలేదు. అది ఎవరి సంకల్పం అన్నదే ప్రశ్న.

తొమ్మిది గళ్లు

1980ల నుంచి కొరియా మాటల్లో ఒక మార్పు కనిపిస్తుంది. గాలి, ఎండ, ఖర్చు గురించి మాట్లాడిన మనిషి వాస్తు పురుష మండలం గురించి, విశ్వరూపాల గురించి మాట్లాడసాగాడు. జైపూర్‌లో జవహర్ కళా కేంద్రాన్ని తొమ్మిది చదరాల నవగ్రహ మండలంగా కట్టాడు. 1727లో సవాయి జైసింగ్ వేయించిన జైపూర్ నగరపు పటమే దానికి స్ఫూర్తి. అక్కడ కొండ అడ్డొచ్చి ఒక చదరం పక్కకు జరిగింది, ఇక్కడ కూడా ఒక చదరాన్ని అట్లాగే జరిపాడు. నెహ్రూ పేరు మీది భవనానికి గ్రహాల పటం. ఆధునికత, సంప్రదాయం కలిశాయని అందరూ మెచ్చుకున్నారు.

ఆయన పూజలు చేయించే మనిషి కాదు, మండలాన్ని ఒక ప్రతీకగానే తీసుకున్నాడు. ఒప్పుకుంటాను. కానీ ప్రతీక ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి కదా. వాస్తు గ్రంథాలు మట్టికి కూడా వర్ణం చెబుతాయి. తెల్ల మట్టి బ్రాహ్మణుడికి, ఎర్రది క్షత్రియుడికి, పచ్చది వైశ్యుడికి, నల్లది శూద్రుడికి. దిక్కులు, ఇంటి కొలతలు వర్ణాన్ని బట్టే. కౌటిల్యుడి అర్థశాస్త్రం చండాలుడి నివాసాన్ని శ్మశానం అంచున పెట్టింది. అంటే ఆ మండలంలో మనకు గడి లేదు. గీతకు అవతల ఉన్నాం. గీతను అందంగా గీసి, గీత ఎందుకు గీశారో చెప్పకపోతే అది చరిత్రను తుడిచేయడమే. బేలాపూర్‌లో ప్లాట్లు సమానం చేసిన చెయ్యే జైపూర్‌లో ఈ పటాన్ని గీయడం నాకు మింగుడుపడలేదు.

పటం పటంగా ఊరుకోదు కూడా. 2015లో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి పాత సచివాలయానికి వాస్తు దోషముందని బహిరంగంగానే అన్నాడు. తర్వాత దాన్ని కూలగొట్టి కొత్తది కట్టారు. 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన ఆ భవనానికి అంబేద్కర్ పేరు పెట్టారు. శాస్త్రాల అధికారాన్ని కూలగొట్టాలన్న మనిషి పేరు, వాస్తు మాటతో మొదలైన భవనం మీద! పేరు మనకు, పటం వాళ్లకు.

కట్టినోళ్లు

ఆర్కిటెక్చర్ పుస్తకాల్లో ఆర్కిటెక్ట్ పేరుంటుంది, ఇంజినీరు పేరుంటుంది, ఫోటో తీసినాయన పేరుంటుంది. గోడ పెట్టిన మేస్త్రీ, తట్ట మోసిన మనిషి ఉండరు. బొంబాయిలో కామాటిపురానికి ఆ పేరు మన తెలుగు కామాటీల వల్లే వచ్చింది. ఆ నగరాన్ని కట్టిన కూలీలు వాళ్లు. ఆ పేట పేరు లోకానికి దేనికి తెలుసో చెప్పనక్కర్లేదు. కట్టినందుకు దక్కిన గౌరవం అది.

మా పాలమూరు నుంచి ఇప్పటికీ బొంబాయికి, పుణేకి పోతారు. మా అమ్మానాయనలు హైదరాబాద్‌లో చాలా బిల్డింగులకు పని చేశారు. నేను మూడో తరగతి దాకా సైట్ల దగ్గర రేకుల షెడ్లలోనే పెరిగాను. బిల్డింగ్ పూర్తయిన రోజు షెడ్డు పీకేస్తారు. కొరియా బొమ్మల పుస్తకం ఒకటి లైబ్రరీ నుంచి ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాను. ఏడిండ్ల వాకిలి బొమ్మ చూసి, "మంచిగున్నయి బిడ్డా, కయ్యమైతే ఎట్ల? ఏ ఇంటికి ఎవ్వలొస్తరు?" అంది. గోడల గురించి ఒక్క మాట అడగలేదు. నా వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్నకు పొడిగింపే.

మేస్త్రీకి పని దొరుకుతుందని కొరియా అన్న మాట మంచిదే. కానీ అక్కడ మనం పనివాళ్లుగానే ఉన్నాం. ఇల్లెట్లుండాలో చెప్పేవాళ్లుగా లేము. 1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్నప్పుడు కేంద్ర ప్రజాపనుల శాఖ అంబేద్కర్ కిందే ఉండేది. కూలీని, కట్టడాన్ని ఒకే శాఖలో చూసిన మనిషి మనకున్నాడు. ఆ దారిని మనం గృహనిర్మాణం దాకా పొడిగించలేదు.

మన పని

1942 జులైలో నాగపూర్‌లో జరిగిన అఖిల భారత అణగారిన వర్గాల మహాసభ ప్రత్యేక గ్రామాలు కావాలని తీర్మానించింది. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో అంబేద్కర్ ఆ డిమాండును మళ్లీ పెట్టాడు. ఊరి పక్కన వాడగా బతికినన్నాళ్లు అంటరానితనం పోదని ఆయన తేల్చాడు. అది గృహనిర్మాణ విధానమే. కానీ ఏ ఆర్కిటెక్చర్ కాలేజీలోనూ దాన్ని ఆ దృష్టితో చదివించగా నేను చూడలేదు. కారంచేడు నుంచి వచ్చినవాళ్లు తిరిగి ఊరికి పోమని మొండికేసి చీరాలలో విజయనగర్ కాలనీ సాధించుకున్నప్పుడు ఆ విధానాన్ని నేల మీద రాశారు. మనకు ఆదర్శంగా చెప్పే కాలనీల్లో బేలాపూర్ ఉంది. విజయనగర్ కాలనీ లేదు.

అట్లాగని మన ఇండ్లు ఎప్పటికీ మన మధ్యే ఉండాలనా? ఇక్కడ మనలోనే చర్చ జరగాలి. మా ఊళ్లో మాకు సర్కారు ఇచ్చిన కాలనీ పాత వాడ పక్కనే, చెరువు కింద పల్లంలో ఉంది. ఒక గది, ముందు చిన్న వరండా. వానాకాలం మోకాళ్ల లోతు నీళ్లు. పత్రాల్లో అది గృహవసతి, ఊరోళ్ల నోట్లో అది కొత్త మాలపల్లె. భయం లేకుండా బతకడానికి విడిగా ఉండటం ఒకటి. విడిగా ఉంచడం ఇంకొకటి. మొదటిది మనం ఎంచుకున్నది, రెండోది జాబితాలో మన మీద రాసింది. కొరియా చెప్పిన సమాన ప్లాటు, పెంచుకోగల ఇల్లు, పనికి దగ్గరి చోటు - ఈ మూడూ రెండు దారుల్లోనూ మనకు కావాలి. వాటితోపాటు ఆయన అడగని నాలుగోది మనం అడగాలి: పొరుగు ఎవరు, దాన్ని ఎవరు నిర్ణయించారు?

అందుకే విద్యార్థి మిత్రులకు, టీచర్లకు, కార్యకర్తలకు ఒక పని అప్పజెప్తున్నాను. మీ మండలంలో ప్రభుత్వం కట్టిన ఒక కాలనీని తీసుకోండి. అది ఊరికి ఏ దిక్కున, ఎంత ఎత్తులో ఉందో రాయండి. కుళాయి ఎవరి ఇంటి ముందుందో, పట్టాలు ఏ వరసలో ఎవరికి ఇచ్చారో, ఇప్పుడు అందులో ఎవరున్నారో, ఎవరు అమ్ముకుని పోయారో ఇల్లిల్లూ తిరిగి అడగండి. ఆ ఇండ్లు కట్టిన మేస్త్రీల పేర్లు కూడా రాసుకోండి. కాగితం మీద చేత్తో గీసిన పటమైనా సరే, పత్రికకు పంపండి. వచ్చినవాటిని ఒకదాని పక్కన ఒకటి అచ్చేసి, వాటి మీద చర్చ మొదలుపెడదాం.